మన్యమున మాటు: అల్లూరి సీతారామరాజు

సీతారామరాజు 1897 జూలై 4వ తేదీన జన్మించెను. విశాఖపట్టణమున కొంతకాలము చదివి, పిదప మన్యమున కొండవారితో గలసి నివసించెను.

వేటకానికి ఆకురంగు దుస్తు కొంత తోడ్పడును గాని, అతడు కదలిన నది వ్యర్థమే. జింక ఎరుపును పచ్చనను వేరుచేయజాలదు. కదలికనన్ననో క్షణములో పసిగట్టును. మన్యవీరులకిది పుట్టుకతో వచ్చిన విద్య. 1922 సెప్టెంబరు 24న దామనపల్లి కనుమలో వారు పొదలచాటున నిశ్చలముగా పొంచియుండి, ముందునడచిన భారతీయ సిపాయీలను పోనిచ్చి, కవర్డు, హేటరు అను దొరలను కాల్చిరి. ఖాకీ యనగా ధూళివర్ణమే గదా! అదియు నడచువారిని దాచలేదు.

పిదప దొరతనమువారు మలబారు పోలీసులను, అస్సాము రైఫిల్సును దింపి వెదకించిరి. 1924 మే 7న రాజు పట్టుబడి, కొయ్యూరున కాల్చబడెను. అప్పటికి ఇరువదియేడేండ్లైనను నిండలేదు. కృష్ణదేవిపేటలో ఆయన సమాధి కలదు.