జనగణమన.. మదనపల్లెలో ఠాగూర్ గడిపిన రోజులు

నోబెల్ అందుకున్న కవి, నాటక రచయిత రవీంద్రనాథ్ ఠాగూర్ 1919 ఫిబ్రవరిలో మదనపల్లె వచ్చారు. థియోసాఫికల్ కాలేజీలోనే బస. ప్రిన్సిపల్ జేమ్స్ కజిన్స్ ఆయనకు మిత్రుడు. అక్కడ వారానికోసారి సాయంత్రం విద్యార్థులు, టీచర్లు కలిసి పాటలు పాడుకునేవారు. ఓ రోజు ఆయన్నూ పాడమంటే జనగణమన అందుకున్నారు. కుర్రాళ్లూ గొంతు కలిపారు. ప్రిన్సిపల్ భార్య మార్గరెట్ ఆ బాణీకి స్వరాలు రాసిపెట్టారు. ఫిబ్రవరి 28న ఠాగూరే ఆ పాటను ఇంగ్లిష్‌లోకి మార్చి రాశారు. అప్పట్నుంచి కాలేజీలో అదే ఉదయం ప్రార్థన.

మూడు నెలలు తిరిగేసరికి జలియన్‌వాలాబాగ్ కాల్పులకు నిరసనగా ఆయన సర్ బిరుదు వదులుకున్నారు. జనగణమన 1950 జనవరి 24న జాతీయ గీతమైంది. అది చూసేందుకు ఠాగూర్ లేరు. 1941లోనే కన్నుమూశారు.