యంత్రమును విప్పి చదివిన జి.డి. నాయుడుగారు

కోయంబత్తూరు సమీపమున కలంగల్ గ్రామంలో, తెలుగు మాట్లాడే రైతు కుటుంబంలో, 1893 మార్చి 23వ తేదీన గోపాలస్వామి దొరైస్వామి నాయుడుగారు జన్మించినారు. తమిళదేశాన స్థిరపడిన తెలుగువారిలో యంత్రవిద్య వలన ఇంతటి కీర్తి గడించినవారు అరుదు. బడిచదువు మాత్రం ఆయనకు పొసగలేదు. పంతులుగారి మీద ఇసుక చల్లి బడికి దూరమైనారని చెప్పుకొంటారు. అంతటితో ఆయన విద్య ముగిసినదని ఊరివారు తలచి ఉంటే, అందులో వింత లేదు.

ఒకనాడు ఒక ఆంగ్లేయ రెవిన్యూ అధికారి రుడ్జ్ మోటారు సైకిలుపై ఆ ప్రాంతానికి వచ్చినాడు. ఎద్దు లేక, గుఱ్ఱము లేక, తనంత తాను పరుగెత్తే ఆ బండి యువకుని మనస్సును హరించినది. కోయంబత్తూరు చేరి, హోటలులో సర్వరుగా పనిచేసి, పైసకు పైస కూడబెట్టి, ఆ బండినే కొన్నారు. కొన్న తరువాత ఊరేగుట కంటె దానిని విప్పి, ముక్కలుగా పరచి, మరల బిగించుటయే ఆయనకు వేడుక అయినది.

అట్టి చిన్న ఇంజనులో అరచేతిలో ఇమిడే కార్బురేటరు పని గ్రహించినవానికి సగం ఇంజను తెలిసినట్లే. పిస్టను క్రిందికి దిగునప్పుడు బయటిగాలి లోనికి లాగబడుతుంది. కార్బురేటరులోని ఇరుకు గొంతులో ఆ గాలికి వేగం హెచ్చి, ఒత్తిడి తగ్గుతుంది. ప్రక్కనున్న చిన్న గిన్నెలోని పెట్రోలుపై మాత్రం బయటిగాలి ఒత్తిడి యథాతథంగా ఉంటుంది. అందుచేత పెట్రోలు సన్నని జెట్టు గుండా పైకెగసి, తుంపరలై గాలిలో కలుస్తుంది. దోమలమందు చల్లే చేతిపంపులో జరిగేదీ ఇదే. గిన్నెలో తేలే బెండు వంటి ఫ్లోటు పెట్రోలు మట్టమును కాపాడుతుంది. తూకంలో ఒకవంతు పెట్రోలుకు సుమారు 15 వంతుల గాలి కావలెను. పెట్రోలు మితిమీరితే నల్లనిపొగ. చాలకపోతే ఇంజను వేడెక్కి, తడబడుతుంది. బస్తరులో కేశ్‌కాల్ ఘాటు ఎక్కే పాత మోటారు సైకిలుకు యాక్సిలేటరు త్రిప్పుట అనగా గాలిదారిని విశాలం చేయుటయే. గాలి వెంట పెట్రోలు తానే వస్తుంది. 2020 నుండి మన దేశంలో తయారయ్యే కొత్త పెట్రోలు ద్విచక్రవాహనాలలో పెక్కింట ఈ పనిని ఫ్యూయల్ ఇంజెక్షను చేస్తున్నది. పాత బండ్లలోను, చిన్న జనరేటర్లలోను కార్బురేటరు ఇంకను కొలువు తీరియే ఉన్నది.

బొంబాయిలో ప్రత్తి వ్యాపారం చేసి నాయుడుగారు చేతులు కాల్చుకొన్నారు. అయితే యంత్రం ఆయనను విడువలేదు. కోయంబత్తూరు పారిశ్రామికుడు రాబర్ట్ స్టేన్స్ సాయంతో ఒక బస్సు కొని, 1920లో పొల్లాచి, పళనిల మధ్య నడిపినారు. ఆ ఒక్క బస్సే పెరిగి యూనివర్సల్ మోటార్ సర్వీసు అయినది. యజమానికి ఇంజను గుట్టు తెలిసినప్పుడు మరమ్మతుశాలలో మోసానికి తావుండదు గదా! యంత్రాలలోని లోపాలను కంపనమును బట్టి పట్టే పరికరమొకటి ఆయన రూపొందించినారు. బాలసుందరం నాయుడుగారితో కలిసి 1937లో దేశీయమైన విద్యుత్ మోటారు తయారుచేసినారు. రసాంత్ అనే విద్యుత్ క్షురయంత్రం విదేశాలలో సైతం పేరు తెచ్చినది.

1945లో ఆయన పూనికతో కోయంబత్తూరులో ఆర్థర్ హోప్ పేరిట పాలిటెక్నిక్, ఇంజనీరింగు కళాశాల వెలసినవి. నాలుగేండ్ల చదువు కాలహరణమనీ, రెండేండ్లు చాలుననీ ఆయన వాదించినారు. ప్రభుత్వం ఒప్పుకొనలేదు, ఆయన ప్రిన్సిపాలు పదవిని విడిచినారు. పట్టుదల కొంత మొండితనంగా కనబడవచ్చును. కాని పుస్తకం కంటె ముందు యంత్రమును విప్పినవారికి నాలుగేండ్లు దీర్ఘంగానే తోచును.

ఆయన జీవితంలో మిక్కిలి విచారకరమైన ఘట్టం 1952 నాటిది. ఇద్దరు కూర్చుండదగిన పెట్రోలు కారును 2,000 రూపాయలకే అందించగలనని తయారుచేసి చూపినారు. సామాన్య గుమాస్తా సైతం ఆశపడదగిన వెల అది. ఆనాడు ప్రభుత్వం లైసెన్సు ఇవ్వనిదే కార్ల పరిశ్రమ సాగదు. ఆ లైసెన్సు రాలేదు. విప్పిన బండిని తిరిగి నడిపించిన చేతులకు దస్త్రములోని ముడి మాత్రం లొంగలేదు. కారు తయారీ అక్కడనే ఆగిపోయినది.

1974 జనవరి 4వ తేదీన నాయుడుగారు పరమపదించినారు. ఆయన నిర్మించిన యంత్రాలు పెక్కు కోయంబత్తూరులో ఆయన పేరిటనున్న ప్రదర్శనశాలలో నేటికిని చూడవచ్చును.