కైజర్ అంటే ఇంటిపేరు కాదు

సాంఘికశాస్త్రంలో జర్మనీ ఏకీకరణ పాఠం చదివేటప్పుడు కైజర్ మొదటి విలియం అని వస్తుంది గదా. కైజర్ అంటే ఆయన ఇంటిపేరేమో అనుకున్నాన్నేను. కాదు, చక్రవర్తి అని అర్థం. తమాషా ఏమిటంటే, మొదట్లో అది నిజంగా ఒక మనిషి పేరే. క్రీ.పూ. 44లో హత్యకు గురైన రోమ్ నాయకుడు జూలియస్ సీజర్ పేరన్నమాట. ఆ రోజుల్లో లాటిన్‌లో దాన్ని కైసర్ అని పలికేవారు. తర్వాతి రోమన్ చక్రవర్తులు ఆ పేరు తగిలించుకుంటూ పోతే చివరికి బిరుదైపోయింది. జర్మన్లు కైజర్ అన్నారు, రష్యావాళ్లు జార్ అన్నారు.

విలియం 1797 మార్చి 22న బెర్లిన్‌లో పుట్టాడు. ప్రష్యా రాజవంశంలో రెండో కొడుకు కాబట్టి రాజవుతాడని ఎవరూ అనుకోలేదు. సైన్యంలోనే పెరిగాడు. పదిహేడేళ్లు నిండకముందే, 1814లో, నెపోలియన్ సేనలతో పోరాడాడు. అన్నకు పిల్లలు లేకపోవడంతో 1861లో, 63 ఏళ్ల వయసులో, రాజయ్యాడు. మరుసటేడు బిస్మార్క్‌ని ప్రధానిగా పెట్టుకున్నాడు. 1866లో ఆస్ట్రియా ఓడింది, 1870లో మొదలైన యుద్ధంలో ఫ్రాన్సు ఓడింది. అప్పుడు జర్మన్ రాజులు ఆయన్ని కైజర్ చేయడానికి ఒప్పుకున్నారు.

గొడవ ఇక్కడే వచ్చింది. ఆయన జర్మనీ చక్రవర్తి అని పిలిపించుకోవాలనుకున్నాడు. బిస్మార్క్ మాత్రం జర్మన్ చక్రవర్తి అంటే చాలన్నాడు. రెండూ ఒకటే గదా అనిపిస్తుంది. కాదు! మొదటిదానికి దేశమంతా ఆయన సొత్తే అనే అర్థం వస్తుంది. బవేరియాకు, సాక్సనీకి వేరే రాజులున్నారు మరి. క్లాసు లీడరు క్లాసులో ఒకడే గాని, క్లాసుకు యజమాని కాడు గదా, అలాగన్నమాట. ప్రష్యా రాజు అనే తాతల నాటి పేరు మరుగున పడిపోతుందని కూడా ముసలాయన బాధ. ముందురోజు ఏడ్చేశాడట.

1871 జనవరి 18న ఫ్రాన్సులోని వర్సెయిల్స్ రాజభవనం అద్దాల హాల్లో సభ జరిగింది. ఆయన అల్లుడు, బాడెన్ పాలకుడు, తెలివిగా ఆ రెండు మాటలూ వదిలేసి కైజర్ విలియంకి జై కొట్టించాడు. బిస్మార్క్ మాటే నెగ్గింది. విలియం కోపంతో ఆయనకి చెయ్యి కూడా ఇవ్వకుండా పక్కనుంచి వెళ్లిపోయాడు. అయినా చనిపోయేదాకా ఆయన్నే ప్రధానిగా ఉంచుకున్నాడు, అదీ విచిత్రమే.

1878లో ఆయనపై రెండుసార్లు కాల్పులు జరిగాయి, బతికాడు. 1888 మార్చి 9న, 91వ ఏట చనిపోయాడు. మనవడు రెండో విలియం 1918 నవంబర్లో గద్దె పోగొట్టుకొని హాలెండ్ పారిపోవడంతో జర్మనీలో ఆ బిరుదు ముగిసింది.

ఈ పేరు మన దేశానికీ వచ్చింది. విలియం వియ్యపురాలు ఎవరో తెలుసా? విక్టోరియా రాణి! ఆమెను 1877లో భారత చక్రవర్తినిగా ప్రకటించినప్పుడు ఇక్కడ పెట్టిన బిరుదు కైజర్-ఇ-హింద్. అదే పేరుతో ఇచ్చిన పతకాన్ని గాంధీజీ 1915లో అందుకొని, 1920లో బ్రిటిషువాళ్లకి తిరిగి పంపేశారు.