మృతుల పేరిట ఆసుపత్రి కట్టిన కార్మిక నేత శంకర్ గుహ నియోగి

భిలాయి: 1991 సెప్టెంబరు 28. తెల్లవారుజామున నాలుగు గంటలు కావస్తుండగా భిలాయి హడ్కో కాలనీలోని ఒక ఇంటి కిటికీలోంచి తుపాకి పేలింది. లోపల నిద్రిస్తున్న కార్మిక నాయకుడు శంకర్ గుహ నియోగి ప్రాణాలు కోల్పోయారు. అప్పటికి ఆయన వయస్సు 48 ఏళ్లు. మరునాడు ఆయన భౌతికకాయాన్ని ఎరుపు, ఆకుపచ్చ రంగుల జెండాలో చుట్టి, భిలాయికి వంద కిలోమీటర్ల లోపు దూరంలో ఉన్న దల్లీ రాజహరా గనుల పట్టణంలో దహనం చేశారు. దారి పొడవునా వేలాది కార్మికులు, రైతులు నిలబడ్డారు. ఆగ్రహం పెల్లుబికుతుందని అధికారులు ఆందోళన చెందినప్పటికీ అంతిమయాత్ర ప్రశాంతంగా ముగిసింది. ఆ ప్రశాంతత ఒక్క రోజులో అలవడింది కాదు. దాని వెనుక 14 ఏళ్ల నాటి మరొక నెత్తుటి రాత్రి ఉంది.

నియోగి అసలు పేరు ధీరేశ్. 1943 ఫిబ్రవరి 14న బెంగాలీ మధ్యతరగతి కుటుంబంలో జన్మించారు. యువకుడిగా ఉండగానే, 1960వ దశకం తొలినాళ్లలో, ఉపాధి కోసం భిలాయి చేరుకున్నారు. సోవియట్ యూనియన్ సహకారంతో నిర్మితమైన భిలాయి ఉక్కు కర్మాగారంలో మొదటి బ్లాస్ట్ ఫర్నేస్ 1959 ఫిబ్రవరిలో ప్రారంభమైంది. దేశం నలుమూలల నుంచి జనం అక్కడికి తరలివచ్చారు. ఉత్తరాంధ్ర జిల్లాల నుంచి రైలెక్కి వెళ్లిన తెలుగు కుటుంబాలు కూడా ఆ ఉక్కు నగరంలోనే స్థిరపడ్డాయి. నియోగి కోక్ ఓవెన్ విభాగంలో పనికి కుదిరారు. పని చేస్తూనే చదువు కొనసాగించారు, కార్మికులను కూడగట్టారు. 1960వ దశకం ముగియకముందే ఉద్యోగం పోగొట్టుకున్నారు.

ఆ తర్వాతి ఏళ్లు అజ్ఞాత జీవితం. కొంతకాలం నక్సలైట్ రాజకీయాలతో సంబంధం పెట్టుకున్నప్పటికీ, ప్రజాసంఘాల నిర్మాణాన్ని పక్కనపెట్టే ఆ మార్గం ఆయనకు సరిపడలేదు. ఛత్తీస్‌గఢ్ పల్లెల్లో మేకలు అమ్మారు, కూలి పనులు చేశారు, ఆ ప్రాంతపు భాషను సొంతం చేసుకున్నారు. శంకర్ అన్న పేరు ఆ కాలంలోనే స్థిరపడింది. దానీటోలా క్వారీలో రాళ్లు కొడుతున్న రోజుల్లో అక్కడే పనిచేసే ఆశా అనే ఆదివాసీ యువతిని వివాహమాడారు. అత్యవసర పరిస్థితి కాలంలో మీసా చట్టం కింద ఆయనను జైలులో నిర్బంధించారు.

1977లో విడుదలయ్యేనాటికి దల్లీ రాజహరా గనుల్లో అసంతృప్తి రాజుకుంటోంది. భిలాయి కొలుములకు ఇనుప ఖనిజం అక్కడి నుంచే వెళ్లేది. ఆ ఖనిజాన్ని తవ్వి, లారీలకు ఎత్తే కాంట్రాక్టు కార్మికులకు శాశ్వత కార్మికులతో పోలిస్తే బోనస్ నామమాత్రం. ఉన్న సంఘాలు తమను పట్టించుకోలేదని భావించిన వేలాది కార్మికులు వాటి నుంచి బయటికి వచ్చి, నియోగిని తమ వద్దకు తీసుకువచ్చారు. ఆ విధంగా ఛత్తీస్‌గఢ్ మైన్స్ శ్రామిక్ సంఘ్ ఏర్పడింది. తొలి కోరికలు నేడు వింటే చాలా చిన్నవిగా తోస్తాయి. పని లేని రోజుకు కొంత కూలి, వానాకాలానికి ముందు గుడిసెలు బాగుచేసుకోవడానికి కొంత సొమ్ము.

ఆ కోరికలకు జవాబుగా 1977 జూన్ 2 రాత్రి పోలీసులు వచ్చారు. సంఘం కార్యాలయం నుంచి నియోగిని జీపులో తీసుకువెళ్లారు. తమ నాయకుడిని తిరిగి అప్పగించాలంటూ కార్మికులు మిగిలిన పోలీసులను చుట్టుముట్టారు. ఆ రాత్రి, మరునాడు జరిగిన కాల్పుల్లో 11 మంది నేలకొరిగారు. వారిలో అనసూయాబాయి అనే మహిళ, సుదామా అనే బాలుడు కూడా ఉన్నారు. అయినా సమ్మె ఆగలేదు. కొద్ది వారాలలో యాజమాన్యం కోరికలను అంగీకరించింది, నియోగి విడుదలయ్యారు.

జైలు నుంచి వచ్చిన నాయకుడి ఎదుట 11 చితుల బూడిద ఉంది. చంపించినవారితోనే, అంటే ప్రభుత్వంతో, ఉక్కు కర్మాగారం అధికారులతో, ప్రతి నెలా బల్లకు ఇరువైపులా కూర్చుని మాట్లాడవలసి ఉంది. కూలి రేటు తేల్చవలసింది వారే, గని నడిపేదీ వారే. మృతులను మరచి సర్దుకుపోవాలన్న సలహా ఒకవైపు, ప్రాణానికి ప్రాణం అన్న ఆవేశం మరొకవైపు. నియోగి రెంటినీ స్వీకరించలేదు. చర్చలకు వెళ్లారు, ఒప్పందాలపై సంతకాలు చేశారు. గనుల్లో పూర్తి యాంత్రీకరణకు బదులుగా కూలీల పని నిలిచేలా పాక్షిక యాంత్రీకరణ ప్రణాళికను సైతం అధికారుల ముందు ఉంచారు. అయితే ఏటా జూన్ 3న మృతుల సంస్మరణను మాత్రం ఒక్క ఏడాది కూడా వదలలేదు. అధికారులతో సంబంధాలు బాగున్న సంవత్సరాల్లో కూడా ఆ సభ జరిగింది.

సంఘం ఉపాధ్యక్షురాలు కుసుంబాయి ప్రసవ సమయంలో సరైన వైద్యం అందక మరణించినప్పుడు వేలాది కార్మికులు ఆగ్రహించారు. ఆ ఆగ్రహం అద్దాలు పగులగొట్టడంతో ముగిసి ఉండవచ్చు. బదులుగా సొంత ఆసుపత్రి కావాలన్న నిర్ణయం వెలువడింది. కార్మికులు చందాలు వేసుకున్నారు, గని పని ముగించుకుని వచ్చి ఇటుకలు మోశారు. బినాయక్ సేన్, ఆశిష్ కుండు, శైబాల్ జానా వంటి యువ వైద్యులు వచ్చి చేరారు. 1983 జూన్ 3న, కాల్పులు జరిగి సరిగ్గా ఆరేళ్లకు, ఆ ఆసుపత్రి తలుపులు తెరుచుకున్నాయి. దానికి షహీద్ ఆసుపత్రి అని పేరు పెట్టారు. ప్రారంభోత్సవానికి మంత్రులను గానీ ఉన్నతాధికారులను గానీ పిలవలేదు. ఒక వృద్ధ గని కార్మికుడు, ఒక వృద్ధ రైతు దానిని ప్రారంభించారు.

చరిత్ర విషయంలోనూ ఆయన పద్ధతి అదే. కరువు కాలాన ఆకలిగొన్నవారికి ధాన్యం పంచి, చివరికి 1857లో రాయ్‌పూర్‌లో ఉరికంబమెక్కిన సోనాఖాన్ జమీందారు వీర్ నారాయణ్ సింగ్ పేరును కార్మికుల మధ్యకు తెచ్చారు. ఛత్తీస్‌గఢ్ ముక్తి మోర్చా జెండాలో కార్మికులకు ఎరుపు, రైతులకు ఆకుపచ్చ చోటు చేసుకున్నాయి. పోరాటం, నిర్మాణం ఒకదాని వెంట ఒకటి సాగాలన్నది మోర్చా సిద్ధాంతం. మద్యపాన వ్యతిరేక ఉద్యమంలో మహిళలు ముందు నిలిచారు. కూలి పెరిగిన రోజే సారా దుకాణం ఆదాయం కూడా పెరుగుతుందని వారికి అనుభవం మీద తెలుసు.

నెత్తురు పారిన తర్వాత ఇరుపక్షాలు ఎలా కలిసి బతకాలన్న ప్రశ్న భిలాయితో పుట్టింది కాదు. పరిమాణంలో పోలికే లేకపోయినా, 1915లో ఆటోమన్ సామ్రాజ్యంలో లక్షలాదిగా హతులైన ఆర్మేనియన్ల వారసులు ఈనాటికీ దానితోనే సతమతమవుతున్నారు. లెబనాన్, ఫ్రాన్స్, అమెరికాలకు చెదరిపోయిన ఆ సమాజంలో, టర్కీ నేరాన్ని అంగీకరించనిదే స్నేహం అసాధ్యమన్న వాదం బలంగా ఉంది. సరిహద్దు తెరిచి, ఇరుగుపొరుగు మాట్లాడుకుంటేనే ఆ అంగీకారం ఏనాటికైనా వస్తుందన్నది మరికొందరి వాదం. 2009లో టర్కీ, ఆర్మేనియా ప్రభుత్వాలు జ్యూరిచ్‌లో ఒప్పంద పత్రాలపై సంతకాలు చేసినప్పుడు ప్రవాస ఆర్మేనియన్లు పలు నగరాల్లో నిరసన తెలిపారు. ఆ పత్రాలు ఆమోదానికి నోచుకోలేదు. ఇస్తాంబుల్‌లో అగోస్ పత్రికను నడిపిన ఆర్మేనియన్ సంపాదకుడు హ్రాంట్ డింక్ ఇరువైపులకూ రుచించని మాట చెప్పారు. టర్కులు గతాన్ని ఎదుర్కోవాలని, ఆర్మేనియన్లు ద్వేషం నుంచి బయటపడాలని ఆయన కోరారు. 2007 జనవరి 19న ఆయనను కార్యాలయం ఎదుటే కాల్చి చంపారు.

నియోగి కూడా ఇరువైపులకూ రుచించని మనిషే. తీవ్రవాద వామపక్షాలకు ఆయన మెతకగా కనిపించారు. యాజమాన్యాలకు ఆయనే తీవ్రవాది. 1990లో ఆయన భిలాయికి మకాం మార్చి, ఉక్కు కర్మాగారం చుట్టూ వెలసిన ప్రైవేటు పరిశ్రమల్లోని కార్మికులను సంఘటితం చేయడం ప్రారంభించారు. శాశ్వత ఉద్యోగం, బతకగలిగిన వేతనం, సంఘానికి గుర్తింపు ప్రధాన కోరికలు. 1991 ఫిబ్రవరిలో అరెస్టు చేశారు, హైకోర్టు జోక్యంతో ఏప్రిల్‌లో బయటికి వచ్చారు. జిల్లా నుంచి బహిష్కరించే ప్రయత్నాలూ జరిగాయి. సెప్టెంబరులో కార్మికులతో కలిసి ఢిల్లీ వెళ్లి రాష్ట్రపతికి వినతిపత్రం అందజేశారు. తనకు ప్రాణహాని ఉందని గ్రహించి, ఆ మాటలను ముందుగానే ఒక క్యాసెట్‌లో నమోదు చేసి ఉంచారు. ఢిల్లీ నుంచి తిరిగివచ్చిన కొద్ది రోజులకే హత్య జరిగింది.

ఆయన మరణించాక కూడా కోరికలు పరిష్కారం కాలేదు. 1992 జూలై 1న కార్మికులు భిలాయి పవర్ హౌస్ స్టేషన్ వద్ద రైలు పట్టాలపై బైఠాయించారు. పోలీసు కాల్పుల్లో 16 మంది కార్మికులు చనిపోయారు. ఆనాటి ఘర్షణలో ఒక పోలీసు సబ్ ఇన్‌స్పెక్టర్ కూడా మృతి చెందారు. అతని ఇంట కూడా ఆ రాత్రి దీపం వెలగలేదన్నది సంస్మరణల్లో అరుదుగా వినిపించే సంగతి.

హత్య కేసులో దుర్గ్ సెషన్స్ కోర్టు 1997 జూన్‌లో తీర్పు వెలువరించింది. కాల్పులు జరిపిన వ్యక్తికి మరణశిక్ష, పారిశ్రామికవేత్తలు సహా మరో ఐదుగురికి యావజ్జీవ కారాగారం విధించింది. ఏడాది తర్వాత మధ్యప్రదేశ్ హైకోర్టు అందరినీ నిర్దోషులుగా విడుదల చేసింది. 2005 జనవరిలో సుప్రీంకోర్టు కాల్పులు జరిపిన వ్యక్తిని మాత్రమే దోషిగా నిర్ధారించి యావజ్జీవం విధించింది, మిగిలినవారి విడుదలను సమర్థించింది. తుపాకి పట్టినవాడు ఎవరి కోసం పట్టాడన్నది న్యాయస్థానంలో తేలలేదు. డింక్ కేసులో 2021లో ఇద్దరు మాజీ పోలీసు నిఘా అధికారులకు జీవిత ఖైదు పడింది. భిలాయి కేసు అంత దూరం కూడా వెళ్లలేదు.

జూన్ 3న దల్లీ రాజహరాలో, జూలై 1న పవర్ హౌస్ స్టేషన్ వద్ద, సెప్టెంబరు 28న నియోగి పేరిట కార్మికులు సభలు జరుపుకోవడం కొనసాగుతోంది. గనుల్లో పని తగ్గింది, సంఘం చీలికలు చూసింది. షహీద్ ఆసుపత్రికి మాత్రం చుట్టుపక్కల పల్లెల నుంచి రోగులు వస్తూనే ఉన్నారు. 11 మందిపై కాల్పులు జరిగిన ఆ పట్టణంలో, చీటీ రాయించుకోవడానికి వచ్చినవారు ఏ కుటుంబానికి చెందినవారని అక్కడ అడగరు.