పురుగుల గుట్టు విప్పిన ఎలినార్

పెసలు చెరిగినప్పుడల్లా నాకు ఎలినార్ ఆర్మెరాడ్ గుర్తొస్తుంది. పురుగు కనబడితే చాలు, చేటతో అవతల పారబోస్తాను తప్ప అదేం పురుగో నేనెప్పుడూ చూడలేదు. ఆవిడ మాత్రం జీవితమంతా చూస్తూనే ఉంది.

1828లో ఇంగ్లండులోని గ్లాస్టర్‌షైర్‌లో కలిగిన కుటుంబంలో పుట్టింది. పదిమంది పిల్లల్లో ఆఖరిది. అన్నలు బయటికెళ్లి చదువుకున్నారు. ఈవిడకి ఇంట్లో అమ్మ చెప్పిందే చదువు. తండ్రి జార్జి ఆర్మెరాడ్ పేరున్న చరిత్రకారుడే. అయినా కూతుళ్లని బడికి పంపాలని తోచలేదు మరి!

1852లో స్టీఫెన్స్ రాసిన బ్రిటిష్ పెంకుపురుగుల పుస్తకం కొనుక్కుంది. నేర్పేవాళ్లు లేరు. పురుగుని కోసి, ఒక్కో భాగాన్నీ పుస్తకంతో పోల్చుకుంటూ తనే నేర్చుకుంది.

పోల్చుకోవడం అంత తేలికేం కాదండీ. అక్కడి తోటల్లో సోల్జర్ బీటిల్స్ అని మెత్తటి రెక్కల పురుగులుంటాయి. పాతకాలం సిపాయిల ఎర్రకోటు రంగును బట్టి ఆ పేరొచ్చింది. వాటిలో కాంథారిస్ ఫస్కా, కాంథారిస్ రస్టికా అచ్చం అక్కచెల్లెళ్లే. రెండింటికీ నల్లరెక్కలు, తల వెనక ఎర్రటి పలక, దానిమీద నల్లమచ్చ. మచ్చ పలక ముందంచుని తాకుతూ, కాళ్లు పూర్తిగా నల్లగా ఉంటే ఫస్కా. మచ్చ నడిమధ్యన ఉండి, తొడల దగ్గర ఎరుపు కనిపిస్తే రస్టికా. బొట్టు ఎక్కడ పెట్టుకుందో చూసి మనిషిని గుర్తుపట్టినట్టన్నమాట!

ఇవి పేనుబంకని తినే పురుగులు. పంటని తినేదేదో, ఆ తినేదాన్ని తినేదేదో తెలియకపోతే రైతు తన చుట్టాన్నే చంపుకుంటాడు.

1873లో తండ్రి పోయేనాటికి ఆవిడకి 45 ఏళ్లు. అసలు పని మొదలైంది ఆ తర్వాతే. 1877 నుంచి పంటల పురుగుల మీద ఏటేటా సొంత ఖర్చుతో నివేదికలు వేసింది. రైతులు ఉత్తరాలతో పాటు పురుగుల్నీ పంపేవారు. 1882 నుంచి పదేళ్లు రాయల్ అగ్రికల్చరల్ సొసైటీకి జీతం లేకుండా సలహాలిచ్చింది.

అన్నీ మెచ్చుకోలేను లెండి. పారిస్ గ్రీన్ అనే ఆర్సెనిక్ విషాన్ని చల్లమంది. పిచ్చుకల్ని చంపమంది. పురుగుని అంత ఓపిగ్గా చూసిన మనిషి, పాపం పిచ్చుక మీద ఎందుకంత కోపం పెట్టుకుందో!

1900లో ఎడిన్‌బరో విశ్వవిద్యాలయం గౌరవ డాక్టరేటు ఇచ్చింది. అక్కడ ఆ గౌరవం అందుకున్న మొదటి స్త్రీ ఈవిడే. మరుసటి ఏడాది జూలైలో కన్నుమూసింది.

మొన్న పెసల్లో దొరికినదాన్ని పారబోయకుండా సీసాలో వేశాను. మావాడి భూతద్దం ఎక్కడుందో వెతకాలి.