తెలుగు లెక్కకు ఆద్యుడు పావులూరి మల్లన

- సంస్కృత గణితాన్ని తెలుగు పద్యాల్లోకి తెచ్చిన కవి
- కఠినమైన భాగాలను తగ్గించి, ఆసక్తి పెంచే లెక్కలను చేర్చిన వైనం

పిఠాపురం: గణితమంటే భయపడే విద్యార్థులు ప్రతి తరగతిలోనూ కనిపిస్తారు. లెక్క కంటే ముందుగా, ఆ లెక్కను చెప్పిన భాషే వారికి అడ్డుగోడగా నిలిచిన సందర్భాలు అనేకం. ఆ అడ్డుగోడను తొమ్మిది శతాబ్దాలకు పూర్వమే తొలగించడానికి పూనుకున్న తెలుగు కవి పావులూరి మల్లన. పండితుల సంస్కృతానికే పరిమితమైన గణితశాస్త్రాన్ని ఆయన తెలుగు పద్యాల్లోకి తెచ్చారు. ఆయన రచించిన ‘సారసంగ్రహ గణితము’ జనవ్యవహారంలో ‘పావులూరి గణితం’గా ప్రసిద్ధి పొందింది. తెలుగులో వెలువడిన తొలి శాస్త్రగ్రంథంగా సాహిత్య చరిత్రకారులు దీనిని పేర్కొంటారు.

పావులూరు నుంచి నవఖండవాడకు

మల్లన ఇంటిపేరుకు మూలమైన పావులూరు నాటి కమ్మనాడులోని గ్రామం. నేటి ఇంకొల్లు సమీపంలో ఉంది. రాజమహేంద్రవరం రాజధానిగా 1022 నుంచి 1061 వరకు పాలించిన తూర్పు చాళుక్య ప్రభువు రాజరాజనరేంద్రుడు, పిఠాపురం పక్కనే ఉన్న నవఖండవాడ గ్రామాన్ని మల్లనకు దానమిచ్చినట్లు ఆ గ్రంథంలోని పద్యం ద్వారా తెలుస్తోంది. నన్నయ భట్టారకుడు మహాభారత ఆంధ్రీకరణకు శ్రీకారం చుట్టింది ఈ ప్రభువు కొలువులోనే.

అయితే దానం పొందిన మల్లన, గ్రంథం రచించిన మల్లన ఒకరేనా అన్న విషయంలో పండితుల మధ్య భిన్నాభిప్రాయాలు ఉన్నాయి. ఇద్దరూ ఒకరేనని, ఆయన నన్నయకు సమకాలికుడని కొందరి వాదన. దానం పొందినది తాత అని, గణితం రాసినది అదే పేరు గల మనుమడని మరికొందరి నిర్ణయం. ఏది నిజమైనా తెలుగులో కావ్యరచన తొలిదశలో ఉన్న కాలంలోనే శాస్త్రరచనకు కూడా పునాది పడిందన్నది నిర్వివాదాంశం.

మూలం మహావీరాచార్యుని గ్రంథం

మల్లన తెలుగు చేసిన గ్రంథం మహావీరాచార్యుని ‘గణితసారసంగ్రహం’. మహావీరాచార్యుడు తొమ్మిదో శతాబ్దంలో రాష్ట్రకూట చక్రవర్తి అమోఘవర్షుని కాలంలో కన్నడ దేశంలో వర్ధిల్లిన జైన గణితవేత్త. గుణకారం, భాగహారం, వర్గం, ఘనం, భిన్నాలు, త్రైరాశికం, క్షేత్రగణితం మొదలైన అంశాలను ఆయన ఒక క్రమంలో బోధించారు. ఈ సంస్కృత మూలాన్ని ఎం.రంగాచార్య ఆంగ్లానువాదంతో సహా 1912లో మద్రాసులో ప్రకటించారు. అంతకు ఎన్నో శతాబ్దాల ముందే అది తెలుగువారికి సొంత భాషలో అందడం మల్లన కృషి ఫలితమే.

వదిలినవి.. చేర్చినవి

మల్లన కేవలం అనువాదకుడు కాదు. మూలంలోని ప్రతి శ్లోకాన్నీ తెలుగు చేయాలన్న పట్టుదల ఆయనకు లేదు. నేర్చుకునేవారికి ఏది ముందు అవసరమో, ఏది భారమో ఉపాధ్యాయుని దృష్టితో బేరీజు వేశారు. ఒక సంఖ్యకు వర్గం కట్టడానికి మహావీరుడు అయిదు పద్ధతులు, ఘనం కట్టడానికి ఏడు పద్ధతులు చెప్పగా, మల్లన ఒక్కొక్క పద్ధతితోనే సరిపెట్టారు. బీజగణితానికి చెందిన భాగాలను పక్కన పెట్టారు. జైన ఆరాధన నేపథ్యంగా ఉన్న ఉదాహరణల స్థానంలో శివభక్తుడైన ఆయన శివపరమైన ఉదాహరణలను ప్రవేశపెట్టారు.

తగ్గించిన చోట తగ్గిస్తూనే, గుణకారం, వర్గం విభాగాల్లో మూలంలో లేని లెక్కలను ఆయన కొత్తగా చేర్చడం విశేషం. వీటిలో సమాధానంగా వచ్చే సంఖ్యలోని అంకెలు పూలదండలా తీరుగా అమరుతాయి. ఇటువంటి అమరిక ఎలా ఉంటుందంటే, 139ని 109తో గుణిస్తే 15151 వస్తుంది. ఎటునుంచి చదివినా ఒకటే. 12345679ని 9తో గుణిస్తే వరుసగా తొమ్మిది ఒకట్లు వస్తాయి. ఇటువంటి లెక్కలో విద్యార్థికి రెండు లాభాలు ఉన్నాయి. గుణకారం అభ్యాసమవుతుంది. చివర అమరిక చెడితే ఎక్కడో తప్పు దొర్లిందని గురువు చెప్పకుండానే తెలుస్తుంది.

పద్యంలో ఇరవై అంకెలు

చదరంగం పలకలోని 64 గళ్లలో మొదటి గడికి ఒకటి, రెండో గడికి రెండు, మూడో గడికి నాలుగు చొప్పున రెట్టింపు చేసుకుంటూ పోతే మొత్తం 18446744073709551615 అవుతుంది. ఈ ఇరవై అంకెల సంఖ్యను మల్లన ఒకే ఒక పద్యంలో ఇమిడ్చారు. అంకెలకు బదులు వస్తువుల పేర్లు వాడే ఈ సంప్రదాయాన్ని భూతసంఖ్యా పద్ధతి అంటారు. చంద్రుడు అంటే ఒకటి, వేదాలు అంటే నాలుగు, మన్మథుని బాణాలు అంటే అయిదు, ఏనుగు అంటే దిగ్గజాలను బట్టి ఎనిమిది, ఆకాశం అంటే సున్న. ఒకట్ల స్థానం నుంచి ఎడమవైపుగా అంకెలను పేర్చుకుంటూ పోవాలి. తాటాకు అరుదుగా చేతికందే కాలంలో పద్యమే విద్యార్థికి పుస్తకం. అంకె తప్పితే గణమో, యతిప్రాసలో చెడే అవకాశం ఉంది కనుక సంఖ్యను గుర్తుంచుకోవడానికి పద్యం తోడ్పడింది.

బడిలో పద్యానికి పరిమితి

ఈ పద్ధతికి పరిమితి కూడా లేకపోలేదు. కాలం గడిచేకొద్దీ కావ్యభాషకు, వాడుక భాషకు దూరం పెరిగింది. అనంతపురం ప్రాంతం కూడా అంతర్భాగంగా ఉన్న నాటి బళ్లారి జిల్లాలోని 533 బడుల స్థితిని కలెక్టర్ ఎ.డి.క్యాంప్‌బెల్ 1823లో ప్రభుత్వానికి నివేదించారు. పిల్లలు ఇసుకలో వేలితో అక్షరాలు దిద్దేవారని, ఎక్కాలు వల్లించేవారని, పద్యాలను మాత్రం అర్థం తెలియకుండానే కంఠస్థం చేసేవారని అందులో వివరించారు. సులభంగా నేర్పడానికి ఎంచుకున్న పద్యమే చివరకు మరో అడ్డుగోడ అయిందన్నమాట. మల్లన నుంచి నేర్చుకోవలసింది పద్యాన్ని కాదని, తన కాలపు విద్యార్థికి తెలిసిన మాటల్లో లెక్క చెప్పాలన్న ఆయన దృష్టినని దీన్నిబట్టి విశదమవుతోంది.

శ్రీనివాస రామానుజన్ జయంతి అయిన డిసెంబరు 22ను 2012 నుంచి జాతీయ గణిత దినోత్సవంగా జరుపుకుంటున్నారు. ఆ రోజు పాఠశాలల్లో నల్లబల్లపై ఇటువంటి పూలదండ లెక్క ఒకటి రాసి, విద్యార్థుల చేత చేయించడానికి పైసా ఖర్చు లేదు. సుద్దముక్క, గుణకారం తెలిస్తే చాలు.