కాంతితో అణువుల గుట్టు విప్పిన రామన్

విశాఖపట్నం ఎ.వి.ఎన్. కళాశాలలో గణితం, భౌతికశాస్త్రం చెప్పడానికి 1892లో చంద్రశేఖర అయ్యర్ తమిళదేశం నుంచి కుటుంబంతో వచ్చారు. వెంట వచ్చిన నాలుగేళ్ళ కుర్రవాడే సి.వి.రామన్. పదకొండో ఏట మెట్రిక్యులేషన్, పదమూడో ఏట ఎఫ్.ఎ. విశాఖలోనే ప్యాసయ్యారు. ఆ వయసుకు మన పిల్లలు ఎనిమిదో తరగతి దాటరు.

మద్రాసులో 1907లో ఎం.ఎ. ముగించి, ఆర్థికశాఖ పోటీ పరీక్షలో ప్రథముడిగా నెగ్గి, కలకత్తాలో పెద్ద ఉద్యోగంలో చేరారు. అయితే మనసంతా విజ్ఞానం మీదే. బౌబజారు వీధిలో ఒక విజ్ఞాన సంఘానికి ప్రయోగశాల ఉండేది. తెల్లవారుజామున అక్కడ, పగలు ఆఫీసులో, సాయంత్రం మళ్ళీ అక్కడ. మధ్యలో రంగూన్, నాగపూర్ బదిలీలు పోగా దాదాపు పదేళ్ళు ఇదే వరస. 1917లో కలకత్తా విశ్వవిద్యాలయం ప్రొఫెసరు పదవి ఇచ్చింది. జీతం బాగా తక్కువ. సర్కారు కొలువును చేజేతులా వదులుకునేవాడిని లోకం ఏమంటుందో వేరే చెప్పాలా? రామన్ వదులుకున్నారు.

1921లో ఇంగ్లండు వెళ్ళినప్పుడు ఓడ మీద మధ్యధరా సముద్రపు నీలం ఆయనను పట్టుకుంది. నీటిలో కనిపించే నీలం ఆకాశపు నీడేనని అప్పటి పెద్దల మాట. జేబులోని చిన్న స్ఫటికపు పట్టకంతో ఆ ప్రతిబింబాన్ని తొలగించి చూశారు. సముద్రం ఇంకా నీలంగానే ఉంది. అంటే నీటి అణువులే కాంతిని చెదరగొడుతున్నాయన్న మాట.

తిరిగి వచ్చాక ఏడేళ్ళు శిష్యులతో కలిసి ఆ చెదిరిన కాంతినే పరిశీలించారు. కె.ఎస్.కృష్ణన్ పదుల కొద్దీ ద్రవాలను శుద్ధి చేసి పరీక్షించారు. ఆ శ్రమకు తగినంత పేరు ఆయనకు రాలేదనే చెప్పాలి. 1928 ఫిబ్రవరి 28న పాదరసపు దీపం వెలుగును ద్రవంలోకి పంపి వర్ణపటదర్శినితో చూస్తే, పంపిన రంగుతో పాటు పంపని రంగుల గీతలు కూడా కనిపించాయి.

సంతలో కుండను వేలితో కొట్టి, మోతను బట్టి దాని గుణం తెలుసుకుంటాం కదా. ఇదీ అలాంటిదే. అణువులోని పరమాణువులు ఎప్పుడూ కంపిస్తుంటాయి. తగిలిన కాంతి ఆ కంపనానికి కొంత శక్తి ఇచ్చి, లేదా దాని నుంచి కొంత పుచ్చుకుని, రంగు మార్చుకుని బయటికొస్తుంది. నీటి గీతలు వేరు, బెంజీను గీతలు వేరు. పక్క అణువు పట్టి లాగితే కంపనం మారి, గీత కూడా కాస్త జరుగుతుంది. అణువులు ఒకదానితో ఒకటి ఎలా మెలుగుతున్నాయో ఆ జరుగుడే చెబుతుంది.

అదే నెలలో మాస్కోలో లాండ్స్‌బర్గ్, మాండెల్‌స్టామ్ స్ఫటికాలలో ఇదే సంగతి కనిపెట్టారు. కానీ రామన్ మర్నాడే పత్రికలకు తెలిపారు, వెంటనే ప్రచురించారు. ఆలస్యమైతే కథ మరోలా ఉండేది. 1930లో నోబెల్ బహుమతి ప్రకటించకముందే ఆయన స్వీడన్ ప్రయాణానికి టిక్కెట్లు కొన్నారట!

1960లో లేజరు వచ్చాక ఈ పద్ధతికి కొత్త బలం చేకూరింది. నేడు మందుల కల్తీని, రత్నాల నాణ్యాన్ని దీనితోనే తేలుస్తున్నారు.

1970 నవంబరు 21న బెంగుళూరులో రామన్ కన్నుమూశారు. ఆయన స్థాపించిన పరిశోధనాలయం తోటలోనే దహనం చేశారు. అక్కడ సమాధి కట్టలేదు, ఒక చెట్టు నాటారు.